వూబర్న్ పొలము చెప్పిన పాఠము: నేలలోని నత్రజని, భారలోహములు

మొక్కలు పెరుగుటకు కావలసిన ద్రవ్యములలో నత్రజని ముఖ్యమైనది. ఆకు పచ్చగా ఉండుటకును, గింజలో మాంసకృత్తులు ఏర్పడుటకును ఇది అత్యవసరము. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. ఒక హెక్టారు పొలముపై ఆవరించియున్న గాలిలో సుమారు 78 వేల టన్నుల నత్రజని ఉన్నది. అయినను వరిపైరుగాని జొన్నపైరుగాని ఆ నిధినుండి ఒక్క గ్రామునైనను నేరుగా తీసికొనజాలదు. సముద్రము నడుమ దాహముతో అలమటించువాని స్థితి పైరులది.

గాలిలోని నత్రజనిని పైరునకు అందించు పని నేలలోని సూక్ష్మజీవులది. వీనిలో కొన్ని గాలినుండి నత్రజనిని గ్రహించి అమోనియాగా మార్చును. దీనిని నత్రజని స్థాపనము అందురు. కొన్ని, రాలిన ఆకులను, పశువుల ఎరువును కుళ్లజేసి వానిలోని నత్రజనిని అమోనియా రూపమున విడిపించును. మరికొన్ని అమోనియాను నైట్రేటుగా మార్చును. దీనికి నత్రీకరణమని పేరు. ఇంకను కొన్ని నైట్రేటును విడగొట్టి నత్రజనిని తిరిగి గాలిలోనికి పంపును. ఈ నాలుగు పనులు సాగినంతకాలమే నేల సజీవము.

ఈ పనివాండ్రను శాస్త్రజ్ఞులు ఎట్లు గుర్తించిరి? జింకు, రాగి, కాడ్మియము వంటి భారలోహములు నేలలో చేరినపుడు వీనికి ఏమగునో ఎట్లు తెలియవచ్చినది? ఈ రెండు కథలును చాలవరకు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రముతో ముడిపడియున్నవి. మొదటి కథ తెలిసిననే గాని రెండవదాని విలువ బోధపడదు.

జాగ్రత్త వలన తప్పిన సత్యము

1843లో జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనువారు రోథమ్‌స్టెడ్‌లో పొలపు ప్రయోగములు ప్రారంభించిరి. పైరులకు నత్రజని ఎక్కడనుండి వచ్చుచున్నది అనునది ఆనాటి పెద్ద వివాదము. గోధుమకు నత్రజని ఎరువు వేసిన దిగుబడి పెరుగును. చిక్కుడు, క్లోవరు మొదలగు పప్పుజాతి మొక్కలకు వేయకున్నను దిగుబడి తగ్గదు. పైగా వాని తరువాత వేసిన గోధుమ ఏపుగా పెరుగును. ఈ సంగతి రైతులు రెండువేల సంవత్సరములకు పూర్వమునుండియు ఎరుగుదురు. కారణము మాత్రము ఎవరికిని తెలియదు.

1857 ప్రాంతమున లాస్, గిల్బర్ట్‌లు ఎవన్ ప్యూ అను అమెరికన్ శాస్త్రజ్ఞునితో కలిసి ఈ వివాదమును తేల్చబూనిరి. మట్టిని బాగుగా కాల్చిరి. గాజు గుమ్మటములలో మొక్కలను పెంచిరి. లోనికి పోవు గాలిలో అమోనియా లేశమైనను ఉండకుండ దానిని గంధకికామ్లములో కడిగిరి. ఇంత జాగ్రత్తతో చేసిన ప్రయోగములో ఏ మొక్కయు గాలినుండి నత్రజనిని తీసికొనినట్లు కనబడలేదు. పప్పుజాతి మొక్కలును అంతే. కనుక మొక్కలకు ఆ శక్తి లేదని వారు నిర్ణయించిరి.

ప్రయోగములో లోపమేమియు లేదు. అయినను సత్యము చేజారినది. మట్టిని కాల్చినపుడు అందులోని సూక్ష్మజీవులన్నియు చచ్చెను. పని చేయువానినే చంపి, పని జరుగుట లేదని వారు లెక్క కట్టిరి. నేలలో కంటికి కనబడని జీవులు ఉండుననియు, అవి పైరుకు తోడ్పడుననియు అప్పటికి ఎవరికిని స్ఫురించలేదు.

క్లోరోఫారము ఇచ్చిన సాక్ష్యము

నేలలోని మార్పులకు ప్రాణులే కారణమని మొట్టమొదట చూపినది ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ష్లోసింగ్, ముంట్జ్ అనువారు. 1877లో వారు పొడవైన గొట్టములో ఇసుకను, సున్నపురాతి పొడిని నింపి, పైనుండి మురికినీటిని బొట్టుబొట్టుగా వదలిరి. నీరు క్రిందికి దిగుటకు ఎనిమిది దినములు పట్టినది. మొదటి ఇరువది దినములు నీటిలోని అమోనియా మారలేదు. తరువాత అమోనియాకు బదులు నైట్రేటు రాసాగెను. ఇది కేవలము రసాయనిక చర్యయే అయినచో ఇరువది దినముల ఆలస్యమెందులకు? జీవులు వృద్ధి పొందుటకు ఆ కాలము పట్టియుండవలెనని వారు ఊహించిరి.

ఊహను రుజువు చేయుటకు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపిరి. నైట్రేటు ఆగిపోయెను. ఆవిరి పోయిన తరువాతను అది తిరిగి రాలేదు. కొద్దిపాటి మంచి మట్టిని నీటిలో కలిపి ఆ తేటను గొట్టములో పోసినంతట కొన్ని దినములకు నైట్రేటు మరల కనబడెను. ఇసుక అదే, నీరు అదే. నడుమ పోయి తిరిగి వచ్చినది ప్రాణము మాత్రమే.

తరువాతి పదునాలుగు సంవత్సరములలో మిగిలిన సంగతులు ఒక్కొక్కటిగా వెలికి వచ్చినవి. 1886లో జర్మన్ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్‌లు పప్పుజాతి మొక్కల రహస్యమును బయటపెట్టిరి. శుద్ధి చేసిన ఇసుకలో బఠానీ ఎదగలేదు. అందులో మంచి నేలనుండి తీసిన తేటను పోసిన, వేళ్లపై బుడిపెలు ఏర్పడి మొక్క ఏపుగా పెరిగెను. 1888లో హాలెండు దేశీయుడగు బైయెరింక్ ఆ బుడిపెలనుండి బాక్టీరియాను వేరుచేసెను. నేడు దానిని రైజోబియము అందురు. 1890లో వినోగ్రాడ్‌స్కీ నత్రీకరణము చేయు బాక్టీరియాను వేరుచేసి, ఒక జాతి అమోనియాను నైట్రైటుగాను, వేరొక జాతి నైట్రైటును నైట్రేటుగాను మార్చుచున్నట్లు చూపెను.

మన దేశమునకు సంబంధించిన ఒక విషయమును ఇచట చెప్పవలెను. నీరు నిలిచియుండు వరిమళ్లలో ఎరువు లేకున్నను ఎంతో కొంత పంట పండుచుండును. నీటిలో పెరుగు నీలి ఆకుపచ్చ నాచు గాలినుండి నత్రజనిని గ్రహించుటయే దీనికి కారణమని పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు 1939లో వెల్లడించెను.

లోహములు: మితమున మేలు, అమితమున కీడు

లోహమనగానే విషమని తలచరాదు. నత్రజనిని పట్టు యంత్రములోనే లోహమున్నది. గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చు ఎంజైములో ఇనుమును, మాలిబ్డినమును కలవు. మాలిబ్డినము లేనిదే నేలలోని అజోటోబాక్టరు అను బాక్టీరియా నత్రజనిని గ్రహించలేదని 1930లో బోర్టెల్స్ చూపెను. రైజోబియమునకు లేశమాత్రముగా కోబాల్టు కావలెనని 1960లో తెలిసినది. యూరియాను అమోనియాగా మార్చు యూరియేసు అను ఎంజైమును సమ్నర్ 1926లోనే స్ఫటికములుగా తీసెను గాని, అందు నికెలు ఉన్నదని 1975లో గాని తెలియలేదు. జింకు, అనగా తుత్తునాగము, లేని నేలలో వరిపైరు ఎదగదని మన రైతులకును ఎరుకయే.

మోతాదు మించినపుడు కథ తారుమారగును. జీవకణములోని అనేక ఎంజైములలో గంధకముతో కూడిన భాగములు కలవు. కాడ్మియము, పాదరసము, మితిమీరిన రాగి, జింకు ఈ గంధకమును గట్టిగా పట్టుకొనును. అపుడు ఎంజైము పనిచేయదు. తాళపుచెవి దూరవలసిన రంధ్రములో పుల్ల విరిగి ఇరుకుకొనినట్లగును. కొన్నియెడల ఒక లోహము ఉండవలసినచోట వేరొక లోహము వచ్చి కూర్చుండును.

లోహములకు ఇంకొక గుణము కలదు. క్రిమిసంహారక మందులు కాలక్రమమున విడిపోవచ్చును. లోహము మూలద్రవ్యము. అది విడిపోదు, కుళ్లదు. నేలలోని బంకమట్టినిగాని, కుళ్లిన ఆకుల ద్రవ్యమునుగాని అంటిపెట్టుకొని ఉండును. నేల ఆమ్లగుణము కలదైనచో మరింతగా నీటిలో కరగి జీవులకు అందును. సున్నము ఉన్న నేలలో కొంత కట్టుబడి ఉండును. పైరు తీసికొని పోవునది అత్యల్పము.

లోహముల ప్రభావమును పరీక్షించుట కొత్త కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లిప్‌మన్, బర్జెస్ అనువారు 1914లోనే రాగి, జింకు, ఇనుము, సీసముల లవణములను మట్టిలో కలిపి, అమోనియా ఏర్పడుటయు నత్రీకరణమును ఎట్లు మారునో చూచిరి. అయితే ఇట్టి పరీక్షలు గాజుపాత్రలలో కొద్దివారములు మాత్రమే జరుగునవి. పొలములో లోహములు పదులకొలది సంవత్సరములు నిలిచినపుడు ఏమగునో వీనివలన తెలియదు. అది తెలియజేసినది వూబర్న్ పొలము.

యుద్ధకాలపు ప్రయోగము

ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైరులో వూబర్న్ అనుచోట 1876లో ఒక ప్రయోగక్షేత్రము ఏర్పడినది. అక్కడిది తేలికైన ఇసుకపాటి నేల. తరువాత ఈ క్షేత్రము రోథమ్‌స్టెడ్ వారి యాజమాన్యములోనికి వచ్చినది.

1942లో, రెండవ ప్రపంచయుద్ధము జరుగుచున్న కాలమున, అక్కడ కూరగాయల సాగుపై ఒక ప్రయోగము ప్రారంభించిరి. కూరగాయలకు పశువుల ఎరువు విశేషముగా కావలెను. అది చాలినంత లేనపుడు దానికి బదులు నగరముల మురుగునీటిని శుద్ధిచేయగా మిగిలిన మడ్డిని వాడవచ్చునా? ఇది తెలిసికొనుటయే ఉద్దేశము. కొన్ని మళ్లకు పశువుల ఎరువు, కొన్నింటికి మడ్డి, కొన్నింటికి కంపోస్టు, కొన్నింటికి రసాయనిక ఎరువులు వేసి బీటుదుంప, క్యాబేజీ, బఠానీ మొదలగు వానిని పండించిరి. మడ్డి లండను పడమటి ప్రాంతపు శుద్ధికేంద్రమునుండి వచ్చెడిది. 1942నుండి 1961వరకు దీనిని వేసిరి.

ఉద్దేశము ఎంతయు మంచిది. మడ్డిలో నత్రజని, భాస్వరము, సేంద్రియ పదార్థము సమృద్ధిగా ఉండును. నగరము తినిన దానిని తిరిగి పొలమునకు చేర్చుట ప్రకృతి ధర్మము. కాని ఇండ్ల మురుగుతోపాటు కర్మాగారముల మురుగును అదే కాలువలో కలియుచుండెను. జింకు పూత పూసిన గొట్టములనుండి, కప్పులనుండి జింకు, రాగి గొట్టములనుండి రాగి, పూతపని చేయు కర్మాగారములనుండి కాడ్మియము, నికెలు, క్రోమియము వచ్చి మడ్డిలో దిగుచుండెను. ఆ ఇరువది సంవత్సరములు పంటల దిగుబడి లెక్కలలో ఇది ఏదియు పైకి కనబడలేదు.

1968లో లె రిష్ అను పరిశోధకుడు ఆ మళ్ల మట్టిని పరీక్షించి, మడ్డి వేసిన మళ్లలో లోహములు పేరుకొనియున్నవని ప్రకటించెను. రోథమ్‌స్టెడ్ వారికి ఒక మంచి అలవాటు కలదు. ప్రతి ప్రయోగములోని మట్టిని, ఎరువును, గింజను సీసాలలో భద్రపరచి, తేదీ వ్రాసి పెట్టుదురు. ఆ సీసాల వలన 1984లో స్టీవ్ మెక్‌గ్రాత్ అను శాస్త్రజ్ఞుడు 1942నుండి ఎంత లోహము వేయబడినదో, ఎంత మిగిలినదో లెక్క కట్టగలిగెను. మడ్డి ఆపిన ఇరువది సంవత్సరముల తరువాతను లోహములు దున్నిన పొరలోనే ఉండెను. లెక్కలో తగ్గినట్లు కనబడినది నీటితో క్రిందికి దిగినది కాదు. దున్నునపుడు నాగలితోపాటు మట్టి ప్రక్క మళ్లలోనికి జరిగినది.

క్లోవరు చెప్పిన సంగతి

లోహము ఉన్నంత మాత్రమున హాని ఉన్నదని చెప్పరాదు. నేలలోని జీవులకు ఏమైనదో చూడవలెను. రోథమ్‌స్టెడ్‌లో జెన్‌కిన్‌సన్, పౌల్‌సన్ అనువారు 1976లో సూక్ష్మజీవుల మొత్తమును కొలుచుటకు ఒక పద్ధతిని ప్రకటించిరి. మట్టికి క్లోరోఫారము ఆవిరి పట్టించి జీవులను చంపుదురు. చచ్చిన కణములు కుళ్లునపుడు విడుదలయగు బొగ్గుపులుసు వాయువును కొలిచి, మొదట ఎంత జీవరాశి ఉండెనో లెక్కింతురు. నూరేండ్ల క్రిందట ష్లోసింగ్ వాడిన క్లోరోఫారమే ఇచటను అక్కరకు వచ్చినది.

1984లో బ్రూక్స్, మెక్‌గ్రాత్‌లు ఈ పద్ధతితో వూబర్న్ మళ్లను పరీక్షించిరి. మడ్డి వేసిన మళ్లలో సూక్ష్మజీవుల మొత్తము పశువుల ఎరువు వేసిన మళ్లలోని దానిలో ఇంచుమించు సగము మాత్రమే ఉండెను. మడ్డి వేయుట ఆపి అప్పటికి ఇరువది సంవత్సరములు దాటినది. 1986లో నీలి ఆకుపచ్చ నాచును పరీక్షించిరి. లోహములున్న మట్టిపై దాని పెరుగుదలయు, నత్రజని స్థాపనమును కుంటుపడినవి.

తరువాత తెల్ల క్లోవరును పెంచిరి. క్లోవరు ఆ దేశపు పచ్చికబయళ్లలో పెరుగు పప్పుజాతి గడ్డి. ఉత్తర భారతములో పశువులకు వేయు బర్సీముకు దగ్గరి చుట్టము. లోహములున్న మళ్లలో దాని దిగుబడి స్పష్టముగా తగ్గెను. అయితే అదే మట్టిలో నత్రజని ఎరువు వేసిన క్లోవరు చక్కగా పెరిగెను. అనగా లోహము మొక్కకు నేరుగా హాని చేయలేదు. మొక్కకు నత్రజని అందలేదు, అంతే.

వేళ్లను తవ్వి చూచిరి. బుడిపెలు లేకపోలేదు. కాని అవి చిన్నవి, లోపల తెల్లనివి. పనిచేయు బుడిపెను కోసిన లోపల గులాబి ఎరుపు కనబడును. మన రక్తములోని హీమోగ్లోబిన్ వంటి పదార్థము అందు ఉండుటయే ఆ రంగునకు కారణము. బుడిపెలోని బాక్టీరియాకు ఆమ్లజనిని మితముగా అందించుట దాని పని. తెల్లని బుడిపె నత్రజనిని పట్టజాలదు.

మెక్‌గ్రాత్, బ్రూక్స్, కెన్ గిల్లర్ 1988లోను, గిల్లర్, మెక్‌గ్రాత్, పెన్నీ హర్ష్ 1989లోను ప్రకటించిన వ్యాసములలో కారణము వివరింపబడినది. మంచి నేలలో రైజోబియమునకు అనేక తెగలు ఉండును. లోహములున్న నేలలో ఆ వైవిధ్యమంతయు నశించి, లోహమునకు ఓర్చుకొను తెగ ఒక్కటే మిగిలెను. దురదృష్టవశమున అది బుడిపెలను కట్టగలదు గాని నత్రజనిని పట్టలేదు. ఇంటిలో చోటు సంపాదించి, తిండి తిని, పని చేయని అతిథి వంటిది.

ఇంకొక ప్రయోగము మరింత స్పష్టతనిచ్చినది. పనిచేయు మంచి రైజోబియమును ఎక్కువ సంఖ్యలో ఆ మట్టిలో కలిపి వెంటనే క్లోవరు విత్తిన, ఎర్రని బుడిపెలు ఏర్పడి మొక్క బాగుగా పెరిగెను. కాని బాక్టీరియాను కలిపి రెండు నెలలు మొక్క లేకుండ ఉంచి, తరువాత విత్తిన ఫలితము లేకపోయెను. ఆ రెండు నెలలలో అవి చచ్చిపోయెను. బుడిపెలోపల ఉన్నంతవరకు మొక్క వానిని కాపాడును. బుడిపె కుళ్లి వెలుపల మట్టిలో జీవించవలసి వచ్చినపుడే లోహము వానిని కబళించును. ఒక పంటకును మరియొక పంటకును నడుమనున్న ఆ ఒంటరి కాలమే వానికి ప్రాణాపాయము.

దీనినిబట్టి రెండు సంగతులు తేటపడును. మొదటిది, కొద్దిదినముల పరీక్షతో హాని తెలియదు. బాక్టీరియా క్రమక్రమముగా తగ్గును. రెండవది, క్యాబేజీ, బీటుదుంపల దిగుబడి చూచి నేల బాగున్నదని నిశ్చయింపరాదు. వానికి నత్రజని ఎరువు సంచినుండి వచ్చుచున్నపుడు నేలలోని పనివాండ్రు పోయిన సంగతి ఎవరికిని తెలియదు. రోథమ్‌స్టెడ్‌లోనే లాస్, గిల్బర్ట్‌లు మట్టిని కాల్చి తెలియక చేసిన పనిని, నూరేండ్ల పిదప అదే సంస్థ పొలములో లోహము మెల్లగా చేసినది. అపుడు తెలియలేదు. ఈసారి తెలిసినది.

హద్దు ఎక్కడ గీయవలెను?

నేలలో ఎంత లోహము ఉండవచ్చును అను ప్రశ్నకు 1971లో బ్రిటన్ వ్యవసాయ సలహాదారులు ఒక సూత్రము ఇచ్చిరి. మొక్కకు రాగి జింకు కన్న రెండింతలు, నికెలు ఎనిమిదింతలు హానికరమని తీసికొని, మూడింటిని కలిపి ఒకే లెక్కలో చూచుట ఆ పద్ధతి. దానిలో కొలమానము మొక్క. రైజోబియమునకు చోటు లేదు.

1986లో ఐరోపా ఆర్థిక సమాజము మడ్డి వాడకముపై ఒక ఆదేశమును వెలువరించెను. దానిప్రకారము ఆమ్లగుణము స్వల్పముగా ఉన్న నేలలో కిలోగ్రాము మట్టికి జింకు 150నుండి 300 మిల్లీగ్రాములు, రాగి 50నుండి 140, నికెలు 30నుండి 75, కాడ్మియము 1నుండి 3 మిల్లీగ్రాములు దాటరాదు. ఆయా దేశములు ఈ మధ్య తమ హద్దును నిర్ణయించుకొనవచ్చును. ఈ ఆదేశము వెలువడిన వెంటనే వూబర్న్ ఫలితములు వచ్చినవి. అచ్చటి మట్టిలో కాడ్మియము హద్దును మించినను, జింకు, రాగి, నికెలు ఆ హద్దులకు సమీపములోనే ఉండెను. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ వద్ద మడ్డి వేసిన పొలములలోను లోహము పెరిగినకొలది క్లోవరు రైజోబియము తగ్గుచున్నట్లు 1993లో ప్రకటింపబడెను.

అమెరికాలో అభిప్రాయము వేరు. అక్కడ మడ్డి వేసిన పొలములలో సోయాచిక్కుడు మొదలగు వానిని పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఇంతటి హాని కనబడలేదు. నేల స్వభావము, ఆమ్లగుణము, పైరు జాతి వేరైనపుడు ఫలితము వేరగునని వారి వాదము. 1993లో అమెరికా ప్రభుత్వము హెక్టారుకు మొత్తము 2,800 కిలోగ్రాముల జింకువరకు అనుమతించెను. దున్నిన పొరలో ఇది కిలోగ్రాము మట్టికి సుమారు 1,400 మిల్లీగ్రాములకు సమానము. ఐరోపా పై హద్దుకు నాలుగు రెట్లకు మించినది. ఒకే విజ్ఞానము, రెండు హద్దులు. హాని రుజువైన తరువాత ఆపుదమా, అనుమానము కలిగినపుడే ఆపుదమా అను విచారణలోనే ఈ భేదమున్నది.

బ్రిటన్‌లో ప్రభుత్వము నియమించిన శాస్త్రజ్ఞుల సంఘము 1993లో వూబర్న్ సాక్ష్యమును పరిశీలించి, జింకు హద్దును 300నుండి 200 మిల్లీగ్రాములకు తగ్గించవలెనని సూచించెను. 1996నాటి వ్యవసాయ నియమావళిలో ఈ సూచనకు చోటు లభించినది. ఏ లోహము ఎంత కారణమో వేరుచేసి తెలిసికొనుటకు 1994నుండి బ్రిటన్‌లో తొమ్మిదిచోట్ల కొత్త ప్రయోగములు నడపిరి. జింకు ఎక్కువగా గల మడ్డి వేసినచోట, చట్టము ఒప్పిన హద్దులలోపలనే క్లోవరు రైజోబియము తగ్గినట్లు వాని ఫలితములు చెప్పుచున్నవి.

కోలుకొను జీవులు, కోలుకొనని జీవులు

నేలలోని జీవులన్నియు ఒకేవిధముగా దెబ్బతినవు. నత్రీకరణము సంగతి చూడుడు. మట్టిలో జింకు కలిపినపుడు నత్రీకరణము మొదట ఆగిపోవును. కాని నెలలు గడచినకొలది అది తిరిగి మొదలగుట పలుచోట్ల కనబడినది. 2009లో బెల్జియము శాస్త్రజ్ఞుడు మెర్టెన్స్, ఆయన సహచరులు దీనిని పరిశీలించిరి. అమోనియాను మార్చు జీవులు రెండు విధములు: బాక్టీరియా ఒకటి, ఆర్కియా అను వేరొక కోవ జీవులు మరొకటి. వారు పరీక్షించిన మంచి నేలలో ఆర్కియా సంఖ్య హెచ్చు. జింకు కలిపిన తరువాత పనిని తిరిగి నిలబెట్టినది మాత్రము బాక్టీరియా. జింకునకు ఓర్చుకొను బాక్టీరియా వృద్ధి పొంది ఖాళీ అయిన చోటును నింపినది.

అట్లయిన రైజోబియము ఎందుకు కోలుకొనలేదు? నత్రీకరణము చేయు జీవికి ఆ పనియే జీవనాధారము. అమోనియాను మార్చనిదే దానికి శక్తి లేదు. కావున ఓర్చుకొని మిగిలినది ఏదైనను ఆ పని చేయక తప్పదు. రైజోబియము నత్రజనిని పట్టకున్నను నేలలో బ్రతుకగలదు. లోహమునకు ఓర్చుకొను శక్తి ఒకటి, నత్రజనిని పట్టు శక్తి వేరొకటి. మిగిలిన తెగకు మొదటిది ఉండి రెండవది లేకపోయిన మనకు మిగులునది తెల్లని బుడిపెయే. కనుక నేలలో జీవులున్నవా అని మాత్రమే కాదు, అవి మనకు కావలసిన పని చేయుచున్నవా అనియు అడుగవలెను.

మన నేలలు, మన పాఠశాలలు

ఇతర దేశపు పొలము కథ మనకెందులకని అనుకొనరాదు. హైదరాబాదు దిగువన మూసీ నీటితో వరియు, పశుగ్రాసమును పండించు రైతులు చాలకాలమునుండి నగరపు మురుగునీటిని వాడుచున్నారు. ఆ నీటిలో పైరునకు కావలసిన నత్రజని, భాస్వరము కలవు. కర్మాగారముల మురుగు కలిసినచోట లోహములును కలవు. అంత మాత్రమున ఆ నేలలన్నియు చెడినవనుట తొందరపాటు. మట్టిని పరీక్షించి, బుడిపెలను చూచి చెప్పవలసిన మాట అది.

నగరముల చెత్తనుండి చేయు కంపోస్టు విషయములో మన దేశమున హద్దులు ఉన్నవి. 1985నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము కిలోగ్రాము కంపోస్టులో జింకు 1,000 మిల్లీగ్రాములు, రాగి 300, కాడ్మియము 5 మిల్లీగ్రాములు దాటరాదు. ఇది ఎరువునకు గీసిన హద్దు. ఎరువు ఏటేట పడును, లోహము ఏటేట నిలుచును. కావున ఎరువును పరీక్షించుటతో సరిపెట్టక, కొన్ని సంవత్సరముల కొకసారి మట్టిని కూడ పరీక్షించవలెను. అన్నిటికన్న మేలైన మార్గము కర్మాగారపు మురుగును ఇండ్ల మురుగుతో కలియనీయకుండుట. ఒకసారి పొలమున చేరిన లోహమును వెలికి తీయుట కంటె కాలువవద్దనే ఆపుట సులభము.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక సులభమైన పరిశీలన చేయించవచ్చును. వేరుశనగ, పెసర, మినుము, అలసంద, జీలుగ వీనిలో ఏదైనను విత్తిన 35, 40 దినములకు మొక్కను పెరుకక, చుట్టును తవ్వి మట్టితో పెకలించి నీటిలో మెల్లగా కడుగవలెను. బుడిపెలను లెక్కించి, పెద్దవానిని బ్లేడుతో రెండుగా కోసి లోపలి రంగును వ్రాసికొనవలెను. ఎరుపు పనికి గుర్తు. తెలుపు, ఆకుపచ్చ, మట్టిరంగు పనిలేమికి గుర్తు. ఊరిలో రెండు మూడు విధములైన పొలములనుండి, ఒక్కొక్కచోట పదేసి మొక్కలను తీసి పోల్చిన మంచిది. తెల్లని బుడిపె కనబడగానే లోహమే కారణమనరాదు. నత్రజని ఎరువు ఎక్కువైనను, మాలిబ్డినము కొరవడినను, బుడిపె మరీ లేతదైనను ఎరుపు కనబడకపోవచ్చును. ఏ పొలమునకు ఏ ఎరువు, ఏ నీరు పెట్టిరో రైతునడిగి వ్రాసికొనుట మరువరాదు.

ఆ వివరములను తేదీతో వ్రాసి, కొద్దిపాటి మట్టిని ఎండబెట్టి సీసాలో పోసి, చీటి అంటించి పాఠశాలలో దాచవలెను. 1942లో వూబర్న్ పొలమున మడ్డి వేసినవారు కాడ్మియమును గురించి వెదకలేదు. అయినను వారు మట్టిని, లెక్కలను దాచియుంచుటచేతనే నలువది సంవత్సరముల తరువాత వచ్చినవారు జవాబును కనుగొనగలిగిరి.